ఫాల్కావో ఇంగ్లండ్‌లో 5 గోల్స్‌తోనే ఎందుకు ఆగిపోయాడు? మోకాలొక్కటేనా కారణం?

ఫార్‌పోస్ట్_కోచ్:

అండర్-17 ఫార్వర్డ్‌లకు చూపించడానికి కొలంబియా స్ట్రైకర్ రాడమెల్ ఫాల్కావో వీడియోలు ముక్కలు చేస్తున్నాను. అంకెలు చూస్తే తల తిరుగుతోంది. పోర్టోకి 87 మ్యాచ్‌ల్లో 72 గోల్స్, అట్లెటికో మాడ్రిడ్‌కి 91లో 70. తర్వాత ఇంగ్లండ్‌లో రెండు సీజన్లు కలిపి 5: మాంచెస్టర్ యునైటెడ్‌కి 4, చెల్సీకి 1. ఆయన్ని అద్దెకి పంపిన ఫ్రెంచ్ లీగ్ జట్టు మొనాకోకి వెనక్కి వెళ్ళగానే 2016-17లో 30.

మోకాలు పోయింది, అంతే, అని ఎవరిని అడిగినా ఒకటే మాట. మరి మోకాలు పోయినవాడు ముప్పై ఏళ్ళు దాటాక 30 గోల్స్ ఎలా కొట్టాడు?

రెండో సందేహం హెడర్ల గురించి. మనిషి 1.77 మీటర్లే. తనకంటే బెత్తెడు పొడుగున్న డిఫెండర్ల మీద ఎలా గెలుస్తున్నాడు? పిల్లలచేత చేయించదగ్గ డ్రిల్ ఏదైనా ఉంటే దూరాలతో సహా చెప్పండి.

ఇంకో చిన్నది. 2010-11 యూరోపా లీగ్‌లో (యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ) పోర్టో తరఫున ఆయన గోల్స్ ఒకచోట 17, ఇంకోచోట 18 అని ఉంది. ఏది సరైనది?

---

లెక్కల_మాస్టారు:

చిన్నదానికి ముందు జవాబు. రెండూ సరైనవే. గ్రూప్ దశ నుంచి ఫైనల్ దాకా 17. అంతకుముందు ఆగస్టులో గెంక్ మీద ఆడిన ప్లే-ఆఫ్‌లో కొట్టిన ఒకటి కలిపితే 18. రికార్డుగా చెప్పుకునేది 17నే. అంతకుముందు 1995-96 యూఈఎఫ్ఏ కప్‌లో (యూరోపా లీగ్ పాత పేరు) బాయర్న్ తరఫున క్లిన్స్‌మన్ కొట్టిన 15 రికార్డుగా ఉండేది.

ఆ 17లో నాలుగు ఒక్క రాత్రే వచ్చాయి. సెమీస్ తొలి అంచె, 2011 ఏప్రిల్ 28, విల్లారియల్ మీద 5-1. ఫస్టాఫ్ అయ్యేసరికి పోర్టో 0-1తో వెనకబడి ఉంది. నాలుగూ సెకండాఫ్‌లోనే, మొదటిది పెనాల్టీ. ఫైనల్లో బ్రాగా మీద కొట్టింది ఒక్కటే, 44వ నిమిషంలో, గ్వారిన్ కుడివైపు నుంచి వేసిన క్రాస్‌కి హెడర్. మీ పిల్లలకు ముందు అదే చూపించండి.

మరుసటి ఏడాది అట్లెటికోకి మారి మళ్ళీ అదే కప్పు గెలిచాడు, ఈసారి టోర్నీలో 12 గోల్స్. బుకారెస్ట్ ఫైనల్లో అథ్లెటిక్ బిల్బావో మీద రెండు కొట్టాడు. రెండూ కాలితోనే, హెడర్ ఒక్కటి కూడా లేదు. 2012 ఆగస్టు 31న సూపర్ కప్‌లో చెల్సీ మీద హ్యాట్రిక్ పూర్తయ్యేసరికి ఇంకా ఫస్టాఫ్ అవలేదు: 6, 19, 45 నిమిషాలు. అదే డిసెంబరులో డిపోర్టివో మీద 6-0లో ఐదు ఆయనవే. ఆ రెండేళ్ళలో ఇలాంటి సెంటర్ ఫార్వర్డ్ యూరప్‌లో ఇంకొకరు లేరని నా అభిప్రాయం. మెస్సీ, రొనాల్డోలది వేరే పని.

---

ఫిజియో_బెజవాడ:

ముందు తేదీలు పక్కపక్కన పెట్టుకోండి, సగం జవాబు వాటిలోనే ఉంది.

2014 జనవరి 22. ఫ్రెంచ్ కప్‌లో నాలుగో డివిజన్ జట్టు షాసెలే మీద మ్యాచ్. ఆ ఆటలో అప్పటికే ఒక గోల్ కొట్టాడు. ఫస్టాఫ్ చివర్లో పెనాల్టీ బాక్సులో టాకిల్ తగిలి ఎడమ మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్) తెగింది. ఆపరేషన్ పోర్టో నగరంలో. ప్రపంచకప్ మొదలయ్యేది జూన్ 12న, అంటే చేతిలో ఐదు నెలలు కూడా లేవు. కొలంబియా 30 మంది ప్రాథమిక జాబితాలో పేరు పెట్టి, జూన్ 2న చివరి 23లోంచి తీసేశారు. ఆ నిర్ణయం నూటికి నూరుపాళ్ళూ సరైనది. ఆగస్టుకల్లా మొనాకో తరఫున లీగ్ మ్యాచ్‌లు ఆడుతున్నాడు, గోల్స్ కూడా కొట్టాడు. సెప్టెంబరు 1న యునైటెడ్‌కి వెళ్ళాడు.

తెగిన ఏసీఎల్ స్థానంలో వేసిన గ్రాఫ్ట్ (అతికించిన కణజాలం) మొదట్లో బలంగానే ఉంటుంది. తర్వాత శరీరం దాన్ని తనలో కలుపుకునే దశలో కొన్ని నెలలు మెత్తబడి, మెల్లగా గట్టిపడుతుంది. అందుకే ఈరోజుల్లో 9 నెలల లోపు మ్యాచ్‌కి వదలొద్దంటారు. నెలలు నిండితే చాలదు కూడా. గాయపడ్డ కాలి తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి, ఒంటికాలి గెంతు దూరం కూడా అంతే. ఫాల్కావో ఏడు నెలలు నిండకముందే పోటీ ఆటలో ఉన్నాడు. మోకాలు మళ్ళీ తెగలేదు, అది అదృష్టం. పరిగెత్తగలడు, తన్నగలడు. ఆలస్యంగా తిరిగొచ్చేది వేగంగా వెళ్తూ ఒక్కసారి ఆగడం, ఆగిన కాలిమీదే దిశ మార్చడం. డిఫెండర్ని రెండడుగుల తేడాతో వదిలించుకునే స్ట్రైకర్‌కి అన్నం పెట్టేది సరిగ్గా అదే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. కుడికాలి ఆటగాళ్ళు ఒంటికాలిమీద ఎగిరేటప్పుడు ఎక్కువగా ఎడమకాలినే నేలకు తంతారు. ఈయన కుడికాలివాడు, తెగింది ఎడమ మోకాలు. 2005-06లో రివర్ ప్లేట్‌లో ఉండగా కుడి మోకాలి లిగమెంట్ కూడా పోయింది. అంటే 28 ఏళ్ళకే రెండు మోకాళ్ళకీ పెద్ద దెబ్బలు.

రెండో ఏడాదికి కాలు ఎంతో కొంత సర్దుకుంటుంది. 2016 నాటికి గాయమై రెండున్నరేళ్ళు. కాబట్టి "మోకాలు పోయింది" అనడం కన్నా, మోకాలు తయారవకముందే యునైటెడ్‌లో ఆడాడు అనడం సబబు.

---

రెండో_స్ట్రైకర్:

ఫిజియో గారు చెప్పింది ఒప్పుకుంటాను గానీ అది సగమే. రెండో సగం, బంతి ఎవరు ఇచ్చారన్నది.

యునైటెడ్‌లో ఆ నాలుగు గోల్స్ ఎలా వచ్చాయో ఒక్కొక్కటీ చూడండి. ఎవర్టన్ మీద డి మరియా కొట్టిన షాట్ గురితప్పి వస్తుంటే దారి మళ్ళించాడు. స్టోక్ మీద కార్నర్‌ని కారిక్ తలతో వెనక్కి తోస్తే దగ్గర్నుంచి నెట్టాడు. లెస్టర్ మీద గోల్‌కీపర్ ఆపిన బంతి ముందుకొస్తే కొట్టాడు. మూడూ చెదిరిన బంతులే. ఆయన కోసమని వేసిన క్రాస్‌కి వచ్చింది ఒక్కటే: ఆస్టన్ విల్లా మీద, ఆష్లీ యంగ్ ఎడమనుంచి వేసిన బంతికి హెడర్. 26 లీగ్ మ్యాచ్‌లకు ఇదీ జమ.

యునైటెడ్ కోచ్ వాన్ గాల్ ఆ సీజన్ ముగ్గురు డిఫెండర్ల త్రీ-ఫైవ్-టూతో మొదలుపెట్టి, నలుగురు డిఫెండర్లకు మారి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆ జట్టుకి బంతి తన దగ్గర ఉంచుకోవడమే ముఖ్యం. సైడ్‌కి వెళ్తుంది, క్రాస్ వేసే సందు దొరుకుతుంది, వేయకుండా మళ్ళీ వెనక్కి. ఫాల్కావో మాత్రం బాక్సులో మూడుసార్లు పరుగు మొదలుపెట్టి మూడుసార్లూ ఆగిపోతాడు. పక్కన రూనీ, వాన్ పెర్సీ. ఇద్దరూ బంతి కోసం కిందికి దిగేవాళ్ళే, ఒకడు డిఫెండర్లని తనవైపు లాగితే ఇంకొకడు దూరేలాంటి జత కుదరలేదు. మార్చిలో ఆయన్ని అండర్-21 జట్టుతో ఆడించారు. అందరూ అది అవమానం అన్నారు గానీ ఆట సమయం ఇవ్వాలంటే ఇంకో దారి కూడా లేదు.

ఎందుకంటే, అంతకుముందు సీజన్ ఏడో స్థానంలో ముగించారు కాబట్టి యునైటెడ్‌కి ఆ ఏడాది యూరప్ మ్యాచ్‌లు అసలు లేవు. లీగ్ కప్‌లో ఎంకే డాన్స్ చేతిలో 4-0తో ఆగస్టులోనే, ఫాల్కావో రాకముందే ఓడిపోయారు. ఆయన వచ్చాక సీజన్ మొత్తానికి మిగిలింది 35 లీగ్ మ్యాచ్‌లు, 5 ఎఫ్ఏ కప్ మ్యాచ్‌లు. స్ట్రైకర్‌కి గురువారం రాత్రి యూరోపా లీగ్‌లో ఒక బలహీనమైన జట్టు మీద 70 నిమిషాలు దొరకడం ఎంత విలువో పోర్టోలో చూశాం. ఇక్కడ ఆ గురువారమే లేదు.

చెల్సీ సంగతి రెండు వాక్యాల్లో అయిపోతుంది. 10 లీగ్ మ్యాచ్‌లు, క్రిస్టల్ ప్యాలెస్ మీద ఓడిన ఆటలో ఒక హెడర్, తర్వాత కండరాల గాయంతో నెలల తరబడి బయట. డిసెంబరులో కోచ్ మౌరీన్యో కూడా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు 2016-17 మొనాకో. కోచ్ జార్డిమ్ ఫోర్-ఫోర్-టూ ఆడించాడు. వెడల్పుగా ఉండాల్సిన లెమార్, బెర్నార్డో సిల్వా లోపలికి వస్తారు, ఖాళీ అయిన అంచుల్లోకి మెండీ, సిడిబే పరిగెత్తుకుంటూ వచ్చి క్రాస్ వేస్తారు. వెనక ఫాబిన్యో, బకయోకో కాపలా. పక్కన మొదట జెర్మెన్, తర్వాత ఎంబాపే. డిఫెండర్ల వెనక ఖాళీలోకి పరిగెత్తే పని ఎంబాపేది, కాబట్టి ఫాల్కావో పరిగెత్తక్కర్లేదు, పెనాల్టీ స్పాట్ చుట్టూ ఐదారు మీటర్లలో తిరిగితే చాలు. లీగ్‌లో ఆయనవి 21, జట్టువి 107. 2000 తర్వాత మొనాకోకి తొలి టైటిల్.

మాంచెస్టర్ సిటీ మీద 5-3తో ఓడిన మ్యాచ్ (2017 ఫిబ్రవరి 21) పూర్తిగా చూడండి. ఫాబిన్యో క్రాస్‌కి డైవింగ్ హెడర్. తర్వాత పెనాల్టీ పోగొట్టాడు. పది నిమిషాలకల్లా డిఫెండర్ స్టోన్స్‌ని భుజంతో పక్కకు నెట్టి గోల్‌కీపర్ కబయేరో తలమీదుగా చిప్. 2012 సూపర్ కప్‌లో చెల్సీ గోల్‌కీపర్ చెక్ మీదుగా వేసిన చిప్‌కి పరుగెత్తి వెళ్ళాడు, ఇక్కడ ఒంటి బలంతో వెళ్ళాడు. కాలు మారింది, బుర్ర అదే.

---

ట్రాన్స్‌ఫర్_బ్రోకర్:

బంతి ఎవరిచ్చారు అనేదొక్కదానిమీదే మొత్తం భారం వేయకండి సార్. 2013-14లో, గాయానికి ముందే, మొనాకోకి 17 లీగ్ మ్యాచ్‌ల్లో 9 గోల్స్. మంచివే, కానీ అంతకుముందు ఏడాది స్పెయిన్‌లో లీగ్‌లోనే 28 కొట్టినవాడు. అప్పటికే లెక్క కిందికి వచ్చింది. నా దృష్టిలో అసలు తప్పు 2013 మే 31న, ఆయన అట్లెటికో వదిలి మొనాకోకి మారినప్పుడు జరిగింది.

పోర్టో 2009లో రివర్ ప్లేట్ నుంచి ఆయన హక్కుల్లో 60 శాతం దాదాపు 39 లక్షల యూరోలకు కొంది. మిగతా భాగం బయటివాళ్ళది. అప్పట్లో దక్షిణ అమెరికా ఆటగాళ్ళ విషయంలో ఇది మామూలే, 2015 మే 1 నుంచి ఫిఫా నిషేధించింది. రెండేళ్ళకు అగ్వేరోని అమ్మి ఖాళీగా ఉన్న అట్లెటికో 4 కోట్ల యూరోలు, పైన బోనస్‌లు ఇచ్చి తీసుకెళ్ళింది. ఇలా వాటాలున్న ఆటగాడు ఒకేచోట ఉండిపోతే వాటాదారుకి రాబడి లేదు. ఎక్కడ ఆట బాగుంటుందన్న ప్రశ్న కన్నా ఎప్పుడు అమ్ముదామన్న ప్రశ్నే ముందుంటుంది.

మొనాకో అప్పుడే రెండో డివిజన్ నుంచి పైకి వచ్చిన జట్టు. 6 కోట్ల యూరోలని పత్రికలు రాశాయి. డబ్బుంది, స్టేడియం సగం ఖాళీ, యూరప్ పోటీ లేదు. 27 ఏళ్ళకు, పరాకాష్ఠలో, ఒక స్ట్రైకర్ చాంపియన్స్ లీగ్ లేని సీజన్ ఎంచుకున్నాడు. అదే ఏడాది ఆయన వదిలిన అట్లెటికో స్పెయిన్ టైటిల్ గెలిచి, చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది! మరుసటి ఏడాది మొనాకోకి చాంపియన్స్ లీగ్ వచ్చింది, ఈయన అద్దెమీద యూరప్ లేని యునైటెడ్‌కి. వరసగా రెండేళ్ళు తప్పిపోయింది.

అద్దె ఒప్పందం లోపం కూడా చూడండి. సీజన్ చివర్లో పెద్ద మొత్తం ఇచ్చి కొనుక్కునే హక్కు యునైటెడ్‌కి ఉంది. అంటే ప్రతి మ్యాచ్ ఒక పరీక్ష. సొంత ఆటగాడికైతే కోచ్ ఆరు నెలలు ఆగుతాడు. అద్దెవాడికి ఎందుకు ఆగుతాడు?

---

తొమ్మిదో_నంబర్:

హెడర్ డ్రిల్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తాను.

ముందు ఒక అపోహ. ఫాల్కావో ఎత్తుగా ఎగురుతాడని అంటారు. ఆయన గెలిచేది ఎగరడంలో కాదు, పరిగెత్తుతూ ఎగరడంలో. నిలబడి ఉన్నచోటునుంచి ఎగిరేవాడికన్నా మూడు నాలుగు అడుగులు వేసి వచ్చినవాడు పైకి లేస్తాడు. డిఫెండర్ బంతిని చూస్తూ నిలబడిపోయేలా చేసి, తాను మాత్రం కదులుతూ రావాలి. మొత్తం కిటుకు అదే.

ఏర్పాటు ఇలా. గోల్‌కి 8-9 మీటర్ల దూరంలో, మధ్యలో, డిఫెండర్ స్థానంలో ఒక డమ్మీ. లేకపోతే కర్ర పాతండి. స్ట్రైకర్ దానికి ఒకటిన్నర, రెండు మీటర్లు పక్కగా, దూరపు పోస్ట్ వైపు, గోల్‌కి 13-14 మీటర్ల దగ్గర నిలబడాలి. డిఫెండర్ బంతిని చూస్తే స్ట్రైకర్ కనిపించకూడదు, స్ట్రైకర్‌ని చూస్తే బంతి కనిపించకూడదు. క్రాస్ వేసేవాడు పెనాల్టీ బాక్స్ పక్క గీతకు కొంచెం బయట, గోల్‌లైన్ నుంచి 12 మీటర్ల దగ్గర.

క్రాస్ వేసేవాడు బంతిని ముందుకు తోసుకున్నప్పుడు స్ట్రైకర్ దూరపు పోస్ట్ వైపు రెండడుగులు వేయాలి, తీరిగ్గా. వేసేవాడు తల దించి, ఆధారపు కాలిని బంతి పక్కన నాటిన క్షణమే అసలు సంకేతం. అప్పుడే డమ్మీ ముందునుంచి దగ్గరి పోస్ట్ వైపు వంపుగా దూసుకు రావాలి. చివరి అడుగు పొడుగ్గా, ఎగిరేది ఒంటికాలిమీద. బంతిని తాకేది గోల్‌కి 6-8 మీటర్ల మధ్య.

వారం మొదట్లో చేత్తో విసిరిన బంతులతోనే చేయించండి, గాలి కొంచెం తగ్గించిన బంతి అయితే ఇంకా మంచిది. పరుగు, సమయం కుదిరాకే కాలితో వేసిన క్రాస్. ఇంగ్లండ్‌లో 2021 నుంచి పెద్దవాళ్ళకే వారానికి ప్రాక్టీసులో 10కి మించి బలమైన హెడర్లు వద్దని మార్గదర్శకం ఉంది. పిల్లలకు అంతకంటే తక్కువే పెట్టుకోండి. మిగతా పరుగులు బంతి లేకుండా చేయించినా ఫలితం వస్తుంది, ఎందుకంటే నేర్పేది తల కాదు, పాదాలు.

ఎక్కడ తప్పుతుందంటే, నూటికి తొంభైమంది ముందే బయల్దేరతారు. బంతి వచ్చేసరికి ఆగి, నిలబడి ఎగరాల్సి వస్తుంది. అప్పుడు పొడుగున్నవాడే గెలుస్తాడు. "ఇంకా ఆగు" అని అరవడం దండగ, క్రాస్ వేసేవాడి కాలిని చూడమని చెప్పండి. బంతి బార్ మీదుగా పోతుంటే బంతి కింది సగానికి నుదురు తగులుతోందన్నమాట. పై సగానికి కొట్టి గోల్‌లైన్ మీద పడేలా గురి పెట్టమనండి. మెడ వదులుగా ఉంటే బంతికి వేగం రాదు, దెబ్బా తగులుతుంది. గడ్డం లోపలికి, పళ్ళు బిగించి, నడుమునుంచి ఊపు. మోచేతులు భుజం కన్నా పైకి లేస్తే రిఫరీ విజిల్ ఊదుతాడు.

---

ఫార్‌పోస్ట్_కోచ్:

చాలా థాంక్స్ అందరికీ. తొమ్మిదో_నంబర్ గారూ, జట్టులో మంచి క్రాస్ వేసేవాడు ఒక్కడే, అదీ ఎడమవైపు. ఈ డ్రిల్ ఒకవైపే చేస్తే పర్లేదా? రెండో_స్ట్రైకర్ గారూ, నెమ్మదిగా ఉన్న స్ట్రైకర్‌కి చూపించాలంటే ఏ కాలం క్లిప్పులు వాడాలి?

---

తొమ్మిదో_నంబర్:

ఒకవైపే చేయండి, ఇబ్బంది లేదు. రెండోవైపు మీరే చేత్తో విసరండి. రెండువైపులా క్రాస్‌లు చెత్తగా పడితే స్ట్రైకర్ పరుగెత్తడమే మానేస్తాడు, ఆ అలవాటు పోగొట్టడం కష్టం.

---

రెండో_స్ట్రైకర్:

నెమ్మదైనవాడికి అట్లెటికో క్లిప్పులు వద్దు. మొనాకో 2016-18, ఆ తర్వాత రాయో వల్లెకానో 2021. రాయోలో చేరేటప్పటికి 35 ఏళ్ళు, ట్రాన్స్‌ఫర్ కిటికీ మూశాక ఫ్రీగా వచ్చాడు, చొక్కా మీద నంబర్ 3. గెటాఫే మీద తొలి మ్యాచ్‌లో సబ్‌గా దిగి గోల్. మూడు రోజులకే అథ్లెటిక్ బిల్బావో మీద ఇంజురీ టైంలో హెడర్‌తో గెలిపించాడు. అక్టోబరు 27న బార్సిలోనా మీద 1-0, గోల్ ఆయనదే. ఆ రాత్రే బార్సిలోనా కోచ్ కూమన్ ఉద్యోగం పోయింది. ఈ మూడు గోల్స్‌లోనూ బంతి రాకముందు పది సెకన్లు ఆయన ఎక్కడున్నాడో చూపించండి. టీవీ కెమెరా బంతి వెంట తిరుగుతుంది కాబట్టి వెడల్పు కోణం ఫుటేజ్ వెతుక్కోవాలి, హైలైట్స్‌లో అది దొరకదు.